వంటింటి చెక్క సామానుకు ఏ పూత వెయ్యాలి, ఎలా వెయ్యాలి

కొత్తగా తెడ్డో, చపాతీ పీటో, కూరగాయలు కోసే బోర్డో చేయించుకున్నప్పుడు చాలామంది నేరుగా హార్డ్‌వేర్ షాపుకి వెళ్లి "దీనికేం పాలిష్ వెయ్యాలి" అని అడుగుతారు. అక్కడ దొరికేవన్నీ తలుపులకీ మంచాలకీ చేసినవి. వడ్రంగి కూడా మంచి మనసుతోనే "ఓ కోటింగు ఏసిత్తానండి, మెరిసిపోద్ది" అంటాడు. వద్దని చెప్పండి. గరిటె రోజూ వేడి పులుసులో మునుగుతుంది, బోర్డు మీద రోజూ కత్తి దిగుతుంది. ఆ వాడకానికి పైపూత ఎంత మంచిదైనా కొన్నాళ్లకి పెచ్చులు లేస్తుంది. ఆ పెచ్చులు కూరలోకే పోతాయి. వంటింటి చెక్కకి కావలసిన సరుకు మందుల షాపులో, కిరాణా కొట్లో, తేనె పట్టేవాళ్ల దగ్గర దొరుకుతుంది. ఏ వస్తువుకి ఏది పనికొస్తుందో తెలుసుకుంటే చాలు.

మొదట: ఆ వస్తువు దేన్ని తాకుతుంది?

పూత పేరు తర్వాత చూద్దాం. ముందు మీ చేతిలోని వస్తువుని చూడండి. నిప్పు మీద ఉన్నదాన్ని తాకుతుందా? దాని మీద కత్తి ఆడుతుందా? తడిలో నానుతుందా? లేక పొడి సరుకు పెట్టుకోవడానికేనా?

చోడి (రాగి) అంబలి కలిపే తెడ్డు, అరిసెల పాకం తిప్పే తెడ్డు, పప్పుగుత్తి, వేపుడు గరిటె వేడిని తాకే రకం. తేనెమైనం 62 నుంచి 65 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మరిగే పులుసు వేడి 100 డిగ్రీలు, పాకం అంతకన్నా ఎక్కువ. అంటే తెడ్డుకి మైనం రాస్తే మొదటి వంటలోనే కరిగి గిన్నెలో తేలుతుంది. వీటికి ఏ పూతా లేకపోవడమే నా మొదటి సలహా. బాగా నునుపు చేసిన తెడ్డు పూత లేకుండానే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. రోజూ వండే నూనె దానికి కొంత పడుతూనే ఉంటుంది. ఏదో ఒకటి రాయాల్సిందే అనుకుంటే దానంతటదే ఆరి గట్టిపడే నూనె ఒక్కటే రాయాలి. దాని సంగతి కింద వివరంగా చెబుతాను.

కత్తి తగిలే బోర్డులకి, కత్తిపీట చెక్కకి చెక్కలోకి ఇంకే నూనె, పైన కాస్త మైనం సరిపోతాయి. చపాతీ పీట, అప్పడాల కర్రలకి కూడా ఇదే. కవ్వం, మరిగ (చెక్క గిన్నె) లాంటివి తడిలో ఉంటాయి కాబట్టి వాటికి నూనె ఎక్కువసార్లు పట్టించాలి. పోపు దినుసుల పెట్టె, పండ్లు పెట్టుకునే పళ్లెం లాంటి పొడి సామానుకి మాత్రం లక్క వేసుకోవచ్చు.

చెక్క సరైనదేనా?

పచ్చి చెక్క మీద ఏ పూత వేసినా వృథా. మన ఉత్తరాంధ్ర వైపు పనస, మామిడి, వేప, టేకు, చింత తేలిగ్గా దొరుకుతాయి. బొబ్బిలి వీణని ఒకే పనస దుంగలో చెక్కుతారు. ఆ పనసే తెడ్లకీ గిన్నెలకీ బాగుంటుంది. మాంసం కొట్టే మొద్దుకి చింతని మించింది లేదు. వేప తెడ్డు మొదట్లో కాస్త చేదు దింపుతుంది, నాలుగు వంటలకి అది పోతుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలు ఎలా నేలకొరిగాయో శ్రీకాకుళం జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు. ఏ గాలివానకి పడిన చెట్టైనా, కోయించిన పలకలు నీడలో గాలి తగిలేలా పేర్చి ఆరబెట్టాలి. అంగుళం మందానికి దాదాపు ఏడాది అన్నది పాత లెక్క. చిన్న వస్తువైతే వంటింటి తూకం మీద వారానికోసారి తూయండి. బరువు తగ్గడం ఆగిపోయిందంటే చెక్క ఆరినట్టే.

కొన్ని చెక్కల జోలికి అసలు వెళ్లకండి. గన్నేరు చెట్టు మొత్తం విషమే, దాని కొమ్మతో పుల్ల కూడా చెయ్యకూడదు. ప్లైవుడ్, ఎమ్‌డీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసిన పలక) ముక్కల్లో జిగురు ఉంటుంది, వాటి మీద కూరగాయలు కోయకండి. విశాఖ పోర్టు వైపు నుంచి సరుకు కింద వచ్చే ప్యాలెట్ చెక్కలతో బోర్డులు చేయిస్తున్నవాళ్లు దాని మీది ముద్ర చూడాలి. హెచ్‌టీ అని ఉంటే వేడితో పురుగు చంపినది, ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టినది. ఎంబీ రకం వంటింట్లోకి వద్దు. హెచ్‌టీ అయినా దాని మీద దారిలో ఏం ఒలికిందో ఎవరికీ తెలియదు కాబట్టి నేనైతే వాడను.

వద్దన్నవి ఎందుకు వద్దు

పలాస, కాశీబుగ్గ చుట్టుపక్కల వాళ్లకి ముందుగా చెప్పాల్సింది జీడి నూనె గురించి. జీడిగింజల పెంకు నుంచి తీసే ఈ నూనెని చెదపట్టకుండా వాసాలకీ గుమ్మాలకీ రాస్తారు. ఆ పనికి మంచిదే. కానీ అది చర్మానికి తగిలితే బొబ్బలెక్కిస్తుంది, అందుకే జీడి ఒలిచేవాళ్ల చేతులు అలా ఉంటాయి. "ఇది మన ఊరి సహజమైన నూనే కదా" అని తెడ్డుకీ పీటకీ రాయకండి. సహజమైనదంతా తినే సామానుకి పనికిరాదు.

డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ అని డబ్బాల్లో అమ్మేది అవిసె నూనే. కానీ త్వరగా ఆరడానికి అందులో కోబాల్ట్, మాంగనీస్ లాంటి లోహాల లవణాలు కలుపుతారు. కుర్చీలకి వాడుకోండి, వంటింటికి వద్దు.

టచ్‌వుడ్, మెలమైన్, పీయూ లాంటి పాలిష్‌లు పూర్తిగా గట్టిపడ్డాక వాటి పొర పెద్దగా ఏమీ వదలదన్న మాట నిజమే. చిక్కంతా కత్తి గీతల దగ్గర వస్తుంది. గీత పడిన చోట నీళ్లు పొర కిందకి దిగి బయటికి రాలేక అక్కడే నిలుస్తాయి. పైన మెరుపు, కింద నలుపు. ఇలాంటి పూత కత్తి పిడికి బాగానే ఉంటుంది, కత్తి దిగే చోట మాత్రం వద్దు. రంగులు అసలు వెయ్యకండి. ఇళ్లకి వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదని 2016లో నిబంధన తెచ్చారు, 2017 నవంబరు నుంచి అది అమల్లో ఉంది. కానీ అది గోడల కోసం, తలుపుల కోసం పెట్టిన హద్దు. ఆ రంగు రోజూ అన్నంలో కలవొచ్చని దానర్థం కాదు.

ఇక వేరుశనగ నూనె, నువ్వుల నూనె, పొద్దుతిరుగుడు నూనె. ఇవి తినేవే కాబట్టి ప్రమాదం లేదు, కానీ చెక్కలో ఇంకిన తర్వాత ఆరవు, చెడిపోతాయి. మూడు నాలుగు నెలలకి పీట జిగటగా తయారై ముక్కవాసన వేస్తుంది. కొబ్బరి నూనె వీటికన్నా చాలా నయం. అందులోని కొవ్వులో సింహభాగం తొందరగా చెడని రకం. రోజూ వాడి కడిగే పీటలకి మన ఇళ్లలో కొబ్బరి నూనె రాయడం మంచి అలవాటే. వాసన నూనెలు మాత్రం కాదు, వంటకి వాడేదే. పండగకి ఒకసారి తీసి మళ్లీ అటక ఎక్కించే సామానుకి అది కూడా వద్దు.

నూనె, మైనం కలిపే పద్ధతి

బోర్డులకీ పీటలకీ ఇదే చాలు. మందుల షాపులో లిక్విడ్ పారాఫిన్ ఐపీ అని అడగండి. విరేచనం సాఫీగా కావడానికి ఇచ్చేది ఇదే. రంగు, రుచి, వాసన ఉండవు, చెడిపోదు. కానీ పాలలా తెల్లగా ఉండే సిరప్ ఇస్తే తీసుకోకండి, అందులో వేరే మందు కలిసి ఉంటుంది. నీళ్లలా తేటగా ఉన్న సీసా కావాలి. బేబీ ఆయిల్‌లో సెంటు కలుపుతారు కాబట్టి అదీ వద్దు. పెట్రోలియం సరుకు ఇష్టం లేనివాళ్లు దాని బదులు కొబ్బరి నూనె వాడుకోవచ్చు.

మైనం తేనె పట్టేవాళ్ల దగ్గర తీసుకుంటే మంచిది. సీతంపేట, పార్వతీపురం వైపు సంతలకి వెళ్లేవాళ్లు తేనె అమ్మేవాళ్లని అడిగి చూడండి. అసలు తేనెమైనం పసుపు పచ్చగా, తేనె వాసనతో ఉంటుంది, విరిస్తే పలుకుగా విరుగుతుంది. కొవ్వొత్తి మైనం జారుడుగా, ఏ వాసనా లేకుండా ఉంటుంది. రంగు కొవ్వొత్తులు, సెంటు కొవ్వొత్తులు కరిగించి పుయ్యకండి.

100 గ్రాముల మైనానికి 400 గ్రాముల నూనె. మే నెలలో విజయనగరంలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు ఈ పాళ్లలో కలిపింది మరీ జారుగా అవుతుంది. అందుకే వేసవిలో మైనం 130 గ్రాముల దాకా వేసుకోవచ్చు. పెద్ద గిన్నెలో నీళ్లు కాచి, అందులో చిన్న స్టీలు గిన్నె పెట్టి, మైనం తురిమి నూనెతో పాటు అందులో వెయ్యండి. నేరుగా మంట మీద పెట్టకండి, నూనె అంటుకుంటే చాలా ప్రమాదం. ఒకవేళ అంటుకుంటే నీళ్లు పొయ్యకుండా మూత వేసి స్టవ్ ఆపండి. స్టవ్ వెలుగుతున్నంతసేపూ పక్కనే ఉండండి. అంతా కరిగాక ఒక చుక్క పళ్లెం మీద వేసి చల్లారనివ్వండి. నెయ్యి కన్నా కొంచెం గట్టిగా ఉంటే పాళ్లు కుదిరినట్టు. జారిపోతే మైనం, రాయిలా ఉంటే నూనె కలపండి. పొడి గాజు సీసాలో పోసి, మీద పేరు రాసి పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు నెయ్యనుకునే వీలుంది.

నునుపు చెయ్యడం, పట్టించడం

సగం పని ఇక్కడే ఉంది, తొందరపడొద్దు. ముందు 120 నంబరు ఉప్పు కాగితం, తర్వాత 180, చివర 220. ఎప్పుడూ చెక్క గీతల వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీకులు మిగిలిపోతాయి. 220 అయ్యాక తడి గుడ్డతో వస్తువంతా తుడిచి ఆరనివ్వండి. నునుపుగా ఉన్న చెక్క మళ్లీ గరుకవుతుంది, నూగు పైకి లేస్తుంది. అప్పుడు 220 తో తేలిగ్గా ఇంకోసారి. ఈ తడిపి రుద్దే పని ఇంకోసారి కూడా చేస్తే తెడ్డు మొదటిసారి కడిగినప్పుడు గరుకు తేలదు. చాలామంది వదిలేసేది ఈ మెట్టే. తర్వాత పూత మీద నేరం మోపుతారు.

దుమ్ము పూర్తిగా తుడిచాక, పలచని కాటన్ గుడ్డతో ముందు ఉత్త నూనె పట్టించండి. రెండు వైపులా, అంచులకీ పట్టించాలి. ఒక వైపే రాస్తే తేమకి ఒక వైపు ఉబ్బి, ఇంకో వైపు ముడుచుకుని బోర్డు వంకర పోతుంది. కోసిన చివరల్లో, అంటే చెక్క నరం తెరుచుకుని కనిపించే చోట నూనె ఎక్కువ తాగుతుంది. అక్కడ ఇంకే కొద్దీ పోస్తూ ఉండండి. రాత్రంతా నిలబెట్టి ఉంచి, పొద్దున్నే పైన మిగిలింది తుడిచెయ్యండి. ఇలా మూడు నాలుగు సార్లు చేసి, ఆఖరున నూనె మైనం ముద్ద చేత్తో రాసి, అరగంట ఆగి, పొడి గుడ్డతో గట్టిగా రుద్దండి. చేతికి జిడ్డు అంటకపోతే పని అయిపోయింది. మెరుపు లేదని బాధపడకండి, చెక్క రంగు లోతుగా కనిపిస్తుంది, అంతే కావాలి.

ఆరే నూనె: అవిసె

కొందరికి గరిటెలకీ గిన్నెలకీ కాస్త గట్టి రక్షణ కావాలనిపిస్తుంది. దానికి అవిసె నూనె ఉంది. గాలిలోని ఆక్సిజన్ తగిలి ఇది మెల్లగా గట్టిపడుతుంది. గట్టిపడ్డాక కరగదు, వేడికి కూడా నిలుస్తుంది. తినడానికి అమ్మే, గానుగలో ఆడిన అవిసె నూనె మాత్రమే తీసుకోండి. చీటీ మీద వేరే సరుకుల పేర్లు ఉండకూడదు. విటమిన్ ఇ కలిపిన నూనె ఆరదు, ఎందుకంటే అది నూనెకి ఆక్సిజన్ పట్టకుండా అడ్డుపడుతుంది.

ముందు ఒక పరీక్ష చెయ్యండి. గాజు ముక్క మీద ఒక చుక్క పలచగా రుద్ది ఎండ తగిలే కిటికీలో పెట్టండి. కొద్దిరోజుల్లో గోటికి పొరలా లేస్తే ఆ సీసా పనికొస్తుంది. రెండు వారాలైనా జిడ్డుగానే ఉంటే దాన్ని తినడానికే వాడుకోండి.

పూత చాలా పలచగా వెయ్యాలి. రాసి, 20 నిమిషాలు ఆగి, ఏమీ మిగల్లేదనిపించేదాకా తుడవాలి. మందంగా వేస్తే పైన చర్మం కట్టి లోపల జిగటగా మిగులుతుంది. ఒక పూతకీ ఇంకో పూతకీ మధ్య వారం ఇవ్వండి. మూడు పూతలు చాలు. అన్నీ అయ్యాక నెల రోజులు వాడకుండా ఉంచాలి. వానాకాలంలో ఇంకా ఆలస్యమవుతుంది, కాబట్టి సంక్రాంతి తర్వాత మొదలుపెట్టుకోవడం మేలు. పచ్చి నూనె వాసన పూర్తిగా పోయినప్పుడే వంటకి తియ్యండి.

ఈ నూనె తుడిచిన గుడ్డల విషయంలో దయచేసి జాగ్రత్తగా ఉండండి. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డని ఉండచుట్టి మూలన పడేస్తే ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల గియ్యకుండానే అంటుకోగలదు. బయట తీగ మీద విడదీసి ఆరేసి, బిరుసెక్కాక పారెయ్యండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి. లిక్విడ్ పారాఫిన్‌తో, కొబ్బరి నూనెతో ఈ భయం లేదు.

లక్క ఎక్కడ వాడొచ్చు

మిఠాయిలకీ మాత్రలకీ మెరుపు పూతగా వేసేది లక్కే, కాబట్టి శుద్ధి చేసిన లక్క కడుపులోకి పోయినా భయం లేదు. ఏటికొప్పాకలో అంకుడు కర్రని లేత్ యంత్రం మీద తిప్పుతూ లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పడుతుంది. అంత తేలిగ్గా కరిగేది వేడి పాయసంలో నిలవదు. అందుకే లక్క గిన్నెలు, డబ్బాలు పొడి సరుక్కి వాడండి, వేడి వాటికి వద్దు. రంగు చెట్ల నుంచి తీసినదా, రసాయనమా అని అమ్మేవాళ్లని అడగండి. షాపులో అమ్మే ఫ్రెంచ్ పాలిష్ కూడా లక్కతో చేసినదే అయినా, దాన్ని తాగడానికి పనికిరాని స్పిరిట్‌లో కరిగిస్తారు. అందులో ఇంకేం కలిసిందో డబ్బా మీద ఉండదు. తినే సామానుకి అది వాడకండి.

జాతరలో కొన్నవి

విజయనగరం సిరిమానోత్సవానికో, అరసవల్లి రథసప్తమికో వెళ్లి పీటలూ గరిటెలూ కొనుక్కునేవాళ్లం కదా. ఇంటికి తెచ్చాక గోరువెచ్చని నీళ్లలో ముంచిన తెల్లగుడ్డతో రుద్దండి. రంగు దిగితే అలంకారానికే ఉంచండి. స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక మూల రుద్దితే జిగటగా లేచింది లక్క కావచ్చు. ఏమీ లేవకుండా గోటికి ప్లాస్టిక్‌లా తగిలితే అది వార్నిష్. వార్నిష్ ఉన్న గరిటెని ఉప్పు కాగితంతో లోపలి చెక్క కనిపించేదాకా రుద్ది వాడుకోవచ్చు. ముక్కుకి గుడ్డ కట్టుకోండి. "విషరహితం" అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకండి. బొమ్మలకి పెట్టిన ఐఎస్ 9873 ప్రమాణం ఉంటే కనీసం బరువు లోహాలకి హద్దు ఉన్నట్టు. ఇంకో మాట, విరిగిపోయిన వార్నిష్ సామాను భోగి మంటలో వెయ్యకండి. ఆ పొగ చుట్టూ కూర్చున్న పిల్లలు పీలుస్తారు.

వాడుతూ కాపాడుకోవడం

ఏ పూత వేసినా చెక్కని సింకులో నానబెట్టకండి. కడిగి, తుడిచి, పడుకోబెట్టకుండా నిలబెట్టి ఆరనివ్వండి. మండుటెండలో పెడితే పగులుతుంది, నీడలో గాలి చాలు. టేకు, తుమ్మ లాంటి చెక్కలని ఇనుప పీచుతో తోమితే ఇనుము తగిలి నల్లమచ్చలు పడతాయి, కొబ్బరి పీచు వాడండి. చేపలు కోసిన వాసనకి ఉప్పు, నిమ్మచెక్క వేసి రుద్దాలి. పసుపు మరకని ఏ పూతా ఆపలేదు, కాసేపు లేత ఎండ తగిలితే అదే వెలిసిపోతుంది. జిగట పట్టిన పాత పీటని వంటసోడా, వేడినీళ్లతో తోమి, బాగా ఆరాక ఉప్పు కాగితం పట్టి మళ్లీ మొదటి నుంచి నూనె పట్టించొచ్చు. వానల్లో పైపైన పట్టిన బూజు కూడా ఇలాగే పోతుంది. పగుళ్ల లోపలికి నలుపు దిగిన బోర్డు మీద మాత్రం ఇక కోయకండి.

మళ్లీ ఎప్పుడు రాయాలో తెలియాలంటే పీట మీద ఒక నీటిచుక్క వెయ్యండి. ముత్యంలా నిలబడితే ఇంకా సమయం ఉంది. రెండు నిమిషాల్లో ఇంకిపోయి మచ్చ పడితే ఆ రాత్రే నూనె పట్టించండి. రోజూ వాడే బోర్డుకి నెలకో రెండు నెలలకో ఈ అవసరం వస్తుంది. తుపాను ముసురు పట్టే అక్టోబరు, నవంబరుల ముందు అన్ని సామాన్లకీ ఒకసారి పట్టించి పెట్టుకుంటే బూజు బెడద బాగా తగ్గుతుంది.